నవ్వులమ్మ తూకం

బావమరిది ఇంట్లో అడుగుపెట్టి రెండు నెలలు తిరగకముందే ఇల్లంతా అతనివైపు మొగ్గిపోయింది. త్రాసులు బాగుచేసి బతికే మనిషికి ఏది ఎటు మొగ్గుతోందో ఇంకొకరు చెప్పాలా? పెద్ద గ్లాసు అతనిదైంది. కిటికీ పక్క కుర్చీ అతనిదైంది. తపాలా ఆఫీసులో రోజంతా ఉత్తరాలు విడదీసి, సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని వచ్చే ఇంటావిడ, తమ్ముడు నోరు తెరిస్తే చాలు పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో తాను ఆమెను అంతగా నవ్వించింది ఎప్పుడో, త్రాసులాయన ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు.

అవన్నీ ఎలాగో దిగమింగాడు. నవ్వులమ్మ కూడా అటు వెళ్ళిపోవడమే గొంతులో అడ్డం పడింది.

నవ్వులమ్మ అంటే బల్లి. మన గోడలమీద తిరిగేది కాదు. జానెడు పొడవు, పసుపుపచ్చ ఒంటిమీద నల్లటి చుక్కలు, బొటనవేలంత లావు తోక. చిరుతబల్లి అంటారు. గోడలెక్కదు, నేలమీదే పొట్ట ఈడ్చుకుంటూ నడుస్తుంది. మనకున్నట్టే కనురెప్పలుంటాయి. నోటి గీత చెవుల దాకా సాగి ఉంటుంది కాబట్టి ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆ పేరు ఇంటావిడే పెట్టింది.

రంగుచేపల దుకాణం ఎత్తేసేటప్పుడు దుకాణదారు దాన్ని గాజుపెట్టెతో సహా తెచ్చి ఇచ్చాడు. "నీ చెయ్యి నెమ్మదైనది, నీ దగ్గరైతే బతుకుతుంది" అన్నాడు. మూడే మాటలు చెప్పాడు. పెట్టె ఒక కొస కింద కరెంటు వేడిపలక ఎప్పుడూ ఉండాలి, ఆ కొసన లోపలి నేల చేతికి కాస్త జ్వరమొచ్చిన ఒళ్ళులా తగలాలి. పురుగులు పెట్టేముందు క్యాల్షియం పొడిలో పొర్లించాలి. అప్పుడప్పుడు తూచాలి.

తూచడం గురించి అతనికి చెప్పడమా! ప్రతి ఆదివారం బంగారప్పనివాళ్ళ త్రాసులో ఒక పక్క మూత ఉన్న డబ్బాలో నవ్వులమ్మ, ఇంకో పక్క రాళ్ళు. డబ్బా బరువు తీసేసి, వచ్చిన అంకె తన పనిబల్ల వెనక గోడమీద పెన్సిలుతో రాసేవాడు. యాభై ఎనిమిది గ్రాములు. అరవై. అరవై ఒకటి. చిట్టి చిట్టి తూకపురాళ్ళు ఎత్తే ఇత్తడి పట్టకారుతోనే పిండిపురుగులు అందించేవాడు. ఆ పట్టకారు టిక్కుమన్న చప్పుడు వింటే చాలు, నవ్వులమ్మ తాను దాక్కునే కుండపెంకు కింద నుంచి తల బయటపెట్టేది. ఇంట్లో తన చప్పుడు విని ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే.

అలాంటి సమయంలో వచ్చాడు బావమరిది. రొట్టెల కార్ఖానాలో పొయ్యి దగ్గర పని. చీకటితో వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. నిండైన మనిషి. ముట్టుకుంటే ఒళ్ళు ఇప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉంటుంది. పడక ముందుగదిలో, గాజుపెట్టె పక్కనే.

నాలుగోరోజు త్రాసులాయన గదిలోకి వెళ్ళేసరికి నవ్వులమ్మ అతని అరచేతిమీదుగా నడిచి అవతలివైపు దిగుతోంది.

"చూశావా బావా! పిలవకుండానే ఎక్కింది. మీ ఇంట్లో నన్ను మర్యాదగా చూసేది ఇదొక్కతే."

"చెయ్యి తియ్యి. కరుస్తుంది."

"ఇదా? నీకన్నా నయం బావా. నువ్వు చూపుతోనే కరుస్తావు."

పక్కగదిలో ఇంటావిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు తిన్నగా వచ్చి త్రాసులాయన కడుపులో దిగింది.

మర్నాడే పెట్టెను తన పనిగదిలోకి మార్చేశాడు. "నీ తమ్ముడి గురకకు పాపం దానికి కునుకు లేదు" అన్నాడు పెళ్ళాంతో. పనిగదిలో బల్ల అంటే నల్లటి రాతిపలక. దానిమీద రోజంతా ఐదుకిలోల, పదికిలోల రాళ్ళు దబ్బుదబ్బున పడుతుంటాయి. ఆ అదురుకు సున్నితమైన త్రాసుల ముల్లు వణుకుతుందని, వాటి కింద వేలెడు మందం ఉన్ని అట్ట వేయడం అతని అలవాటు. నవ్వులమ్మకూ అదే మర్యాద చేశాడు. రాయిమీద వేడిపలక, పలకమీద ఉన్ని అట్ట, అట్టమీద పెట్టె. వేడిపలక తీగకున్న ఎర్రదీపం వెలుగుతోందా లేదా చూసుకున్నాడు. వెలుగుతోంది. నా అంత శ్రద్ధగా ఎవడు చూస్తాడు దీన్ని, అనుకున్నాడు.

పెట్టె మారిందే గానీ బావమరిది మారలేదు. భోజనం కాగానే పనిగదికి వచ్చి, బేరానికొచ్చినవాళ్ళు కూర్చునే ముక్కాలిపీట లాక్కుని, పెట్టెలో చెయ్యి పెట్టేవాడు. విచిత్రమేమిటంటే మొదట్లో ఎక్కి దిగిపోయే నవ్వులమ్మ ఇప్పుడు దిగడం లేదు. అతని అరచేతిలో పొట్ట ఆనించి, కళ్ళు మూసుకుని, పాలు తాగిన పసిబిడ్డలా పడుకుంటోంది. పావుగంట, అరగంట, గంట. బావమరిది ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో పేపరు తిప్పుకునేవాడు. త్రాసులాయన తల వంచుకుని ముల్లు సాన పట్టేవాడు. ఆ రోజుల్లో అతను సాన పట్టినంతగా ముళ్ళు ఇంకెప్పుడూ పట్టలేదు. రెండు మూడు అరిగిపోయాయి కూడా.

సాయంత్రం తన వంతు రాగానే పట్టకారు టిక్కుమనిపించేవాడు. తల బయటికి వచ్చేది కాదు. పురుగును ముక్కు దగ్గర పెడితే నవ్వులమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది. ఒకరోజు చూశాడు, రెండురోజులు చూశాడు, వారం చూశాడు. మధ్యాహ్నమే వాడు దీనికి కడుపునిండా కుక్కేస్తున్నాడు, ఇక నా పురుగెందుకు రుచిస్తుంది, అని నిశ్చయించుకున్నాడు. అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే వాడు పళ్ళికిలిస్తాడు. ఆ ఇకిలింపు చూడటంకన్నా నోరు కుట్టేసుకోవడమే మేలనిపించింది. ఎనిమిదో రోజున పట్టకారును రాళ్ళపెట్టెలో పడేశాడు. తూచడం మానేశాడు. గోడమీద అంకె అరవై ఒకటి దగ్గర ఆగిపోయింది.

కళ్ళు మాత్రం మానలేదు. పని చేసుకుంటూనే ఓరగా చూసేవాడు. నవ్వులమ్మ రెట్ట ఎప్పుడూ ఒకే మూలన వేస్తుంది. ఆ మూల ఇప్పుడు తళతళలాడుతోంది. ఆఖరికి అది ఎత్తే పని కూడా వీడే లాక్కున్నాడన్నమాట, అని ఒళ్ళు మండింది. కుబుసం విడిచినప్పుడు ముందుకాళ్ళ వేళ్ళకు తెల్లటి పొర చిరిగిన చేతితొడుగులా అంటుకుని ఉండిపోయింది. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. ముద్దు చేసేవాడే ఆ పొర కూడా తీస్తాడులే. తోక సన్నబడిందని ఒకరోజు అనిపించింది. వాడి తిండి ఒంటబట్టడం లేదులే, అని లోపల ఒక మూల సంతోషించాడు కూడా. ఆ సంతోషం తర్వాత చాలాకాలం అతన్ని పొడిచింది.

పెట్టె మార్చిన ఏడోవారం. మధ్యాహ్నం. బావమరిది పీటమీదే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. నోరు తెరుచుకుని ఉంది. ఒళ్ళోని అరచేతిలో నవ్వులమ్మ. ఇద్దరూ ఒకే లయలో ఊపిరి తీస్తున్నారు. త్రాసులాయనకు ఆ లయ చూస్తే తట్టుకోలేనంత మంట పుట్టింది. లేచి వెళ్ళి, దొంగలా వంగి, దాని పొట్ట కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తాడు.

ఎత్తగానే అతని చెయ్యి ఆగిపోయింది.

ముప్పైయేళ్ళుగా రాళ్ళు ఎత్తిన చెయ్యి అది. గుప్పెడు మేకులు అందుకుని ఎన్ని గ్రాములో చెబితే త్రాసు తలూపాలి. ఆ చేతికి ఈ బరువు అబద్ధంలా తగిలింది. ఖాళీ సంచి ఎత్తినట్టుంది. మసకబారిన రంగు, పుల్లముక్కలా ఎండిన తోక, లోపలికి పోయిన కళ్ళు. రెండు నెలలుగా చూస్తున్నవన్నీ ఇప్పుడే కనబడ్డాయి. డబ్బాలో పెట్టి తూచాడు. మళ్ళీ తూచాడు. రాళ్ళు మార్చి తూచాడు.

నలభై నాలుగు.

"ఒరేయ్! లే! ఏం పెడుతున్నావు దీనికి?"

బావమరిది ఉలిక్కిపడి లేచాడు. "ఏం పెట్టడమేంటి బావా? నేనేం పెట్టలేదు."

"పెట్టలేదా?"

"మొదట్లో రెండుసార్లు పెట్టబోతే నోరు తెరవలేదు. నువ్వు పెట్టేసుంటావనుకున్నా. నీ వస్తువు, నేనెందుకు మధ్యలో అని ఊరుకున్నా."

త్రాసులాయన గోడమీది అంకె వైపు చూశాడు. అరవై ఒకటి.

చెప్పులపెట్టెలో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళ సీసా పక్కన పెట్టి బస్సెక్కారు. "నా చేతిలో పట్టుకుంటా బావా, వెచ్చగా ఉంటుంది" అన్నాడు బావమరిది. "అక్కర్లేదు" అన్నాడు త్రాసులాయన. మూడు స్టాపులు దాటాక మూత తెరిచి చూశాడు. నవ్వులమ్మ సీసాకు అతుక్కుపోయి ఉంది. బావమరిది మళ్ళీ అడగలేదు.

జంతువుల డాక్టరమ్మ ఆసుపత్రి తపాలా ఆఫీసు వెనక వీధిలోనే. కబురందుకుని ఇంటావిడ అప్పటికే అక్కడుంది, వేళ్ళకు సిరా మరకలతోనే. డాక్టరమ్మ మాటలు తక్కువ మనిషి. తోక పట్టి చూసింది, వేళ్ళు చూసింది, పొట్టను చిటికెనవేలితో నొక్కి చూసింది, పలచటి అట్టముక్కతో నోరు తెరిపించి చూసింది.

"తిండి తిని ఎన్నాళ్ళయింది?"

"ఇతన్నడగండి" అన్నాడు త్రాసులాయన అలవాటుగా.

"బావనడగండి" అన్నాడు బావమరిది అదే ఊపులో.

"రెట్ట ఎప్పుడు వేసింది?"

"వాడు ఎత్తేస్తున్నాడనుకున్నా."

"బావే ఎత్తుతున్నాడనుకున్నానండీ."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఇంటావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అడ్రసు లేని ఉత్తరాలకని మా ఆఫీసులో ఒక సంచి ఉంటుంది డాక్టరుగారూ. వీళ్ళిద్దరినీ అందులో పడేస్తా" అంది.

"చేతిలోకి వస్తుందా?"

బావమరిది ముఖం వెలిగింది. "నా చేతిలో గంటసేపు కదలదండీ. నేనంటే ప్రాణం దానికి."

"ఒంట్లో బాగున్నది పట్టపగలు గంటసేపు ఎవరి చేతిలోనూ పడుకోదు. పగలు దాక్కుంటుంది" అంది డాక్టరమ్మ. "దానికి చలేస్తోంది. మీ చెయ్యి వెచ్చగా ఉంది, అంతే. దీని ఒంటికి సొంత వేడి ఉండదు. పొట్టకు బయటి వేడి తగిలితేనే తిన్నది అరుగుతుంది. అరగదని తెలిసి నోరు కట్టేసుకుంది."

వెలిగిన ముఖం ఊదేసిన దీపమైంది. రెండు నెలలుగా త్రాసులాయన కోరుకున్నది అదే. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, లోపల చల్లగా అయింది. తీరా చూస్తే తాను పగలూ రాత్రీ కుళ్ళుకున్నది ప్రేమను చూసి కాదు, రోగాన్ని చూసి.

"పెట్టె కింద వేడి ఏమన్నా ఉందా?"

"ఉందండీ, వేడిపలక. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది."

"పలకకూ పెట్టెకూ మధ్య ఏముంది?"

త్రాసులాయన మనసులోనే ఒక్కొక్కటీ పేర్చి చూసుకున్నాడు. రాయి, పలక, అట్ట, పెట్టె. అదురు ఆపే అట్ట. అదురును ఆపింది, వేడినీ ఆపింది. పలక పంపిన వేడంతా కిందున్న రాయి తాగేసింది. చేత్తో తాకి చూడమని దుకాణదారు చెప్పాడు. పట్టకారు పడేసిన రోజు నుంచి తాను ఆ పెట్టెలో చెయ్యే పెట్టలేదు.

పెళ్ళాం అతనివైపే చూస్తోంది.

"ఒక ఉన్ని అట్ట ఉందండీ" అన్నాడు బావమరిది మెల్లగా. "నేనే వేశాను. దానికి మెత్తగా ఉంటుందని. తెలియక చేశాను."

ఇంటావిడ నిట్టూర్చి, తమ్ముడి వీపుమీద చెయ్యి వేసింది. "పోనీలేరా. తెలిసి చేశావా ఏంటి."

తనను కాపాడటానికే అన్నాడని త్రాసులాయనకు తెలియకపోలేదు. ఇంకొకడైతే కళ్ళతోనే దండం పెట్టి ఊరుకునేవాడు. కానీ ఆ వీపుమీది చెయ్యి చూశాక అతనికి ఆగలేదు. పెద్ద గ్లాసు తీసుకున్నాడు, కుర్చీ తీసుకున్నాడు, నవ్వులన్నీ తీసుకున్నాడు, ఇప్పుడు నా తప్పు కూడా వీడే తీసుకుంటాడా? దానికి కూడా ఓదార్పు వీడికేనా?

"అబద్ధం!" అన్నాడు. గొంతు పెద్దదై, వరండాలో కూర్చున్న ఎవరిదో కుక్క మొరిగింది. "అట్ట నాది. వేసింది నేను. వీడికి అట్ట సంగతేం తెలుసు, రొట్టెలు కాల్చుకునేవాడికి! త్రాసు కింద వేసినట్టు వేశాను. పెట్టె ముందుగదిలోంచి తీసింది కూడా గురక కోసం కాదు."

"మరి?" అంది డాక్టరమ్మ.

"ఓర్వలేక."

డాక్టరమ్మ మళ్ళీ కలం అందుకుంది. నవ్వులమ్మ తన అలవాటు నవ్వుతో పడుకుని ఉంది.

"గురక కోసం కాదని నాకు ఆరోజే తెలుసు" అంది ఇంటావిడ. "మీ గురక దానికి అలవాటే కదా." ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. అలాగని విసుక్కుంటూ కూడా అనలేదు.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ చెప్పింది. ముందు వేడి. వేడి కుదిరిన రెండురోజుల దాకా తిండి బలవంతం చేయొద్దు, చల్లటి కడుపులో పడ్డది లోపలే కుళ్ళుతుంది. రోజూ పాదాలు మునిగేంత గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నిలబెట్టాలి. వేళ్ళ పొర నానాక తడిదూదితో తుడవాలి, లాగకూడదు. ముక్కుమీద నీటిచుక్క పెట్టి నాకనివ్వాలి. తర్వాత ఒక చిన్న పురుగు. వారంలో నోరు తెరవకపోయినా, బరువు ఇంకా తగ్గినా వెంటనే తేవాలి. "గట్టి ప్రాణమే. కానీ బతుకుతుందని ఇప్పుడే మాటివ్వలేను. చూసేది ఒక్కరే చూడండి. ఏం పెట్టారో, తిన్నదో లేదో, రాసిపెట్టండి. ఇంతకీ ఇది ఎవరిది?"

బావమరిది నేల చూశాడు. త్రాసులాయనకు నాదే అనే మొహం లేదు.

"ఈయనది" అంది ఇంటావిడ.

ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా అట్ట లాగేశాడు. అరగంటకోసారి పెట్టెలో చెయ్యి పెట్టి, తిరగేసి నేలకు ఆనించి చూశాడు. పొద్దుగూకేవేళకు ఆ కొస జ్వరమొచ్చిన ఒళ్ళులా తగిలింది. నవ్వులమ్మ ఎవరూ చెప్పకుండానే పాక్కుంటూ వెళ్ళి అక్కడ బోర్లా పడిపోయింది.

రోజులు లెక్కపెట్టుకున్నాడు. నీళ్ళ వేడి చూడటానికి మోచెయ్యి బావమరిది పెట్టేవాడు. పొయ్యి దగ్గర పనిచేసేవాడికి ఆ అంచనా తెలుసు. నిలబెట్టడం, తుడవడం త్రాసులాయన పని. ఇద్దరూ ఒకే పళ్ళెం మీద తలలు ఆనేలా వంగినా మాటలుండేవి కావు. మూడోరోజు నలభై మూడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఐదోరోజు నలభై మూడే. ఐదోరోజే వేళ్ళ పొర ఊడింది. ఒక్క వేలి కొస మాత్రం నల్లబడి పొరతోపాటే రాలిపోయింది. అది చిటికెనవేలి గోరంత కూడా లేదు. త్రాసులాయన దాన్ని పారెయ్యలేక చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆరోరోజు సాయంత్రం పట్టకారు టిక్కుమంది. పెంకు కింద కదలిక. తల బయటికి వచ్చింది. పురుగును చూసింది, మెడ సాచింది, ఆలోచించింది, లటుక్కున అందుకుంది.

తొమ్మిదోరోజు పొద్దున్నే కేకేశాడు. "ఏమేవ్! ఇటు రా! వేసింది!"

ఇంటావిడ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. మూలన నల్లటి కాడ, దాని కొసన తెల్లటి బొట్టు. ఆమె దాన్ని చూసి, మొగుడి ముఖం చూసి, గరిటె పట్టుకునే గోడకు జారగిలబడి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతను నవ్వించిన నవ్వు అది. లెక్కలోకి వస్తుందో రాదో తెలియదు గానీ అతను లెక్కేసుకున్నాడు.

మూడువారాలకు నలభై తొమ్మిది.

ఆ మధ్యాహ్నం బావమరిది చాలారోజుల తర్వాత పీట లాక్కున్నాడు. "ఒక్కసారి బావా" అని పెట్టెలో అరచెయ్యి పరిచాడు. నవ్వులమ్మ పెంకు కింద నుంచి తొంగిచూసింది. వచ్చి ఒక కాలు వేలిమీద వేసింది, తీసేసింది, వెనక్కి తిరిగి తన వేడి మూలకు పోయి పడుకుంది. అతను చెయ్యి తియ్యలేదు. ఇంకాసేపు అలాగే ఉంచాడు. అతని ముఖం చూసి త్రాసులాయన తల తిప్పుకున్నాడు. ఆ ముఖం అతనికి కొత్త కాదు. రెండు నెలలు తాను వేసుకు తిరిగిందే.

సంతోషించాలి నిజానికి. ప్రయత్నించాడు కూడా.

సాయంత్రమయ్యాక రాళ్ళపెట్టెలోంచి పట్టకారు తీసి బావమరిది ముందు పెట్టాడు. "ఇవాళ నువ్వు పెట్టు. పొడిలో పొర్లించు. ముక్కు దగ్గర పెట్టకు, కాస్త పక్కగా పట్టు. ముందు చప్పుడు చెయ్యి."

"డాక్టరమ్మ ఒక్కరే చూడమంది కదా."

"చూసేది నేనే. పెట్టేది నువ్వు. నోరు మూసుకుని పెట్టు."

టిక్కుమంది. తల బయటికి వచ్చింది. మెడ సాచలేదు, ఆలోచించలేదు. మొదటి పట్టుకే లటుక్కున లాక్కుంది. ఇంకొకటి. మరొకటి. తన చేతిలో ఏనాడూ అంత ఆత్రంగా తినలేదు.

"బావా! చూశావా బావా!"

"చూశాను" అన్నాడు త్రాసులాయన. కాగితం ముందుకు లాక్కుని, తేదీ వేసి, మూడు పురుగులు అని రాశాడు. ఎవరు పెట్టారు అన్నచోట కాసేపు ఆగాడు. బావమరిది, అని రాశాడు. ఎంత గట్టిగా నొక్కి రాశాడంటే పెన్సిలు ముక్కు విరిగింది.